బాబాయ్ కంప్యూటర్లో తెరుచుకోని యాప్: ఒక ప్రాజెక్టు డైరీ

శనివారం, మధ్యాహ్నం

తెనాలి వచ్చి గంటన్నర అయింది. బాబాయ్ బల్ల మీద బైండు చేసిన స్కూలు వార్షిక సంచికలు పదకొండు ఉన్నాయి. ఆయన ముప్పై ఏళ్లు తెలుగు చెప్పిన బడివి. పిల్లలు రాసిన పద్యాలు, కథలు, విహారయాత్ర వ్యాసాలు, చివరి పేజీల్లో ఊళ్లోని బట్టల కొట్ల ప్రకటనలు. సంక్రాంతికి పూర్వ విద్యార్థులంతా కలుస్తున్నారు. అప్పటికి ఈ పదకొండూ టైపు అయి ఉండాలని ఆయన పట్టు. అంత టైపు చేసే ఓపిక ఎవరికీ లేదు. నా దగ్గర దీనికో యాప్ ఉందని దసరాకు వచ్చినప్పుడు గొప్పగా చెప్పింది నేనే కాబట్టి ఇప్పుడు తప్పించుకునే దారి లేదు.

యాప్ పెద్దదేం కాదు. రెండేళ్ల కిందట నా లాప్‌టాప్‌లో పైథాన్‌తో రాసుకున్నాను. స్కాన్ చేసిన పీడీఎఫ్ ఇస్తే పేజీలు విడదీస్తుంది, ఒంకరగా పడ్డ పేజీని నిలబెడుతుంది, బొమ్మలోని అక్షరాలు గుర్తుపట్టే టెసరాక్ట్ అనే ప్రోగ్రాం చేత చదివిస్తుంది. ఎడమ పక్క పేజీ బొమ్మ, కుడి పక్క చదివిన అక్షరాలు. తప్పులు దిద్దుకుని సేవ్ చేసుకోవడమే.

బాబాయ్ కంప్యూటర్ పాతది, 4 జీబీ ర్యామ్. పోయిన వేసవిలో నేనే ఉబుంటు లినక్స్‌లో తేలిక రకమైన జుబుంటు 24.04 వేసిపెట్టాను. డిస్కు చిన్నదని మినిమల్ ఇన్‌స్టాల్ ఎంచుకుని, పైన ఒక్క బ్రౌజర్ మాత్రం వేశాను. ఆయన అందులో పేపరు చదువుకుంటాడు, మనవరాలితో వీడియో కాల్ మాట్లాడతాడు. ఇంకేమీ చేయడు. అంటే లోపల దాదాపు ఖాళీ ఇల్లు. దాని సంగతి అప్పుడు తట్టలేదు.

పెన్‌డ్రైవ్ పెట్టి ఫోల్డర్ కాపీ చేశాను. డెస్క్‌టాప్ మీద ఐకాన్ పెట్టాను. డబుల్ క్లిక్. కర్సర్ పక్కన చక్రం కాసేపు తిరిగి ఆగిపోయింది. ఎర్రర్ లేదు, విండో లేదు.

"ఏరా, తెరుచుకుందా?"

"ఒక్క నిమిషం బాబాయ్."

ఇది రాసేటప్పటికి ఆ నిమిషం ఇంకా అవ్వలేదు.

శనివారం, రాత్రి

ఐకాన్ మీద మళ్లీ మళ్లీ నొక్కితే లాభం లేదు. అలా నడిపిన ప్రోగ్రాం ఎంత మొత్తుకున్నా ఎవరికీ వినపడదు. అందుకని టెర్మినల్ తెరిచి చేత్తో నడిపాను. వెంటనే పది లైన్లు కక్కింది. పైథాన్ ఎర్రర్‌ను కింద నుంచి చదవాలి, అసలు మాట ఆఖరి లైనులో ఉంటుంది: విండోలు, బటన్లు గీసిపెట్టే పైక్యూటీ5 అనే మాడ్యూల్ లేదు.

అవును, ఎందుకుంటుంది? నా లాప్‌టాప్‌లో ఎప్పుడో ఇంకేదో పనికి వేసుకున్నాను. యాప్ రాసేటప్పుడు అది అప్పటికే ఉంది. ఉన్నదాని గురించి ఎవరు ఆలోచిస్తారు?

పైథాన్ మాడ్యూళ్లను నెట్ నుంచి తెచ్చే పిప్‌తో వేద్దామంటే పిప్ లేదు. అది వేశాక, పైక్యూటీ5 అడిగితే కుదరదంది. ఈ పైథాన్‌ను సిస్టమ్ చూసుకుంటోంది, నువ్వు వేలు పెట్టకు అని ఎర్రర్. పెప్ 668 అనే నిబంధన ఇది. లినక్స్‌లలో డెబియన్ 12, ఉబుంటు 23.04 నుంచి అమల్లో ఉంది. ఉబుంటు సొంత పనిముట్లు కొన్ని అదే పైథాన్ మీద నడుస్తాయి, మనం పిప్‌తో ఏదో ఒక లైబ్రరీ మార్చేస్తే అవి కుప్పకూలతాయి. కాదని బలవంతం చేయడానికి ఒక ఆప్షన్ ఉంది. దాని పేరే 'బ్రేక్ సిస్టమ్ ప్యాకేజెస్', అంటే సిస్టమ్ సామాను పగలగొట్టు అని. పేరులోనే అంత నిజాయితీ ఉన్న ఆప్షన్‌ను ఇంకెక్కడా చూడలేదు. నెట్‌లో సగం మంది దాన్నే వాడేయమని సలహా ఇస్తారు. బాబాయ్ కంప్యూటర్ మీద ఆ ప్రయోగం చేసే ధైర్యం నాకు లేదు. రేపు వీడియో కాల్ రాకపోతే పిన్ని నన్ను ఇంట్లోకి రానివ్వదు.

సరైన దారి వర్చువల్ ఎన్విరాన్‌మెంట్. యాప్ కోసం వేరే గది, దాని సామాను దానిలోనే. దాన్ని తయారు చేయబోతే, పైథాన్3-వెన్వ్ ప్యాకేజీ లేదంది. లేనిదాన్ని తెచ్చుకోవడానికి కావలసినదే లేదు. ఉబుంటు ప్యాకేజీలు తెచ్చే ఆప్ట్ కమాండ్‌తో అది వేశాక గది తయారైంది.

ఇప్పుడు రిక్వైర్‌మెంట్స్ ఫైలు, అంటే యాప్‌కు ఏ మాడ్యూళ్లు కావాలో రాసే చిట్టా. అదృష్టం, ఒకటి రాసిపెట్టుకున్నాను. దురదృష్టం, అందులో మూడే లైన్లు: పైక్యూటీ5, బొమ్మలు సరిచేసే ఓపెన్‌సీవీ, లెక్కలు చేసే నమ్‌పై. ఆ నమ్‌పై కూడా పాత 1.21 అని గట్టిగా బిగించి ఉంది. ఇక్కడున్న పైథాన్ 3.12. దానికి తగిన రెడీమేడ్ నమ్‌పై 1.21 లేదు కాబట్టి పిప్ సోర్సు నుంచి కట్టడం మొదలుపెట్టి, డిస్టుటిల్స్ లేదని చతికిలబడింది. అలా కట్టే పనిముట్టు డిస్టుటిల్స్ ఏళ్లుగా పైథాన్‌తో పాటే వచ్చేది. 2023లో వచ్చిన 3.12లో తీసేశారు.

వెర్షన్ అంకె తీసేసి మళ్లీ నడిపాను. ఈసారి నమ్‌పై 2 వచ్చి కూర్చుంది. నా పాత ఓపెన్‌సీవీ నమ్‌పై 1 కోసం కట్టినది, 2తో పనిచేయనంది. ఒకటి మరీ పాతది, ఒకటి మరీ కొత్తది. చివరికి '2 కంటే తక్కువ' అని రాస్తే 1.26 వచ్చింది, ఇద్దరికీ రాజీ కుదిరింది.

కొత్తవాళ్లు ఇక్కడ ఎక్కువగా పడే గుంట ఒకటుంది, పనిలో పనిగా రాసి పెడతాను. కోడ్‌లో పిలిచే పేరు, పిప్‌కు చెప్పాల్సిన పేరు ఒకటే కానక్కర్లేదు. కోడ్‌లో సీవీ2, పిప్‌కు ఓపెన్‌సీవీ-పైథాన్. కోడ్‌లో పీఐఎల్, పిప్‌కు పిల్లో. ఇంట్లో బుజ్జి, రేషన్ కార్డులో వెంకట సుబ్బలక్ష్మి అన్నట్టు. ఎర్రర్‌లో కనపడ్డ పేరునే పిప్‌కు ఇస్తే ఒక్కోసారి ఏమీ రాదు, ఒక్కోసారి అదే పేరుతో ఇంకెవరో పెట్టిన ప్యాకేజీ వస్తుంది. రెండోది ప్రమాదం.

పదకొండున్నర. పిన్ని లైటు ఆర్పమంటోంది.

ఆదివారం

పొద్దున్నే కాఫీ కంటే ముందు యాప్ నడిపాను. కొత్త ఎర్రర్. కొత్తది వచ్చిందంటే ముందడుగే. ఈసారి పైథాన్ గొడవ కాదు, పైక్యూటీ5 లోపల అసలు విండోలు గీసే క్యూటీ గొడవ. తెలుగులో చెప్పుకోవాలంటే: 'ఎక్స్‌సీబీ అనే ప్లాట్‌ఫాం ప్లగిన్ దొరికింది గానీ లోడ్ చేయలేకపోయాను. యాప్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే బాగుపడొచ్చు.'

ఆ రెండో వాక్యాన్ని నమ్మి ఎంతమంది ఎన్నిసార్లు మళ్లీ ఇన్‌స్టాల్ చేసి ఉంటారో. మొదటి వాక్యంలోని 'దొరికింది గానీ' అన్నదే కీలకం. క్యూటీ తెరమీద విండో గీయాలంటే ఎక్స్‌సీబీ ప్లగిన్ కావాలి. ఆ ప్లగిన్ ఫైలు ఉంది. కానీ అది మళ్లీ సిస్టమ్‌లోని వేరే లైబ్రరీల మీద ఆధారపడింది. పురోహితుడు వేళకే వచ్చాడు, సంభారాలు రాలేదు. పూజ మొదలవదు.

ఏ సంభారం లేదో చెప్పే కమాండ్ ఎల్‌డీడీ. ఏదైనా లైబ్రరీ ఫైలు దానికిస్తే, అది అడిగే మిగతా లైబ్రరీల చిట్టా ఇస్తుంది. ఒక్కో లైనుకు ఒక పేరు, ఎదురుగా అది దొరికిన చోటు. దొరకనిదాని ఎదురుగా 'నాట్ ఫౌండ్'. పైక్యూటీ5 ఫోల్డర్ లోపల, క్యూటీ5 ప్లగిన్ల మధ్య ఎక్కడో లోతున ఉన్న ఎక్స్‌సీబీ ఫైలును వెతికి పట్టి, ఎల్‌డీడీకి ఇచ్చి, దొరకని లైన్లు మాత్రమే చూపించమన్నాను. మూడు తేలాయి: లిబ్ ఎక్స్‌సీబీ కుటుంబంలో ఐసీసీసీఎం, కీసిమ్స్, రెండర్-యుటిల్. జుబుంటు డెస్క్‌టాప్ క్యూటీ లాంటిదే అయిన జీటీకే మీద నడుస్తుంది, దానికి వీటితో పని లేదు. నా లాప్‌టాప్‌లో వేరే క్యూటీ ప్రోగ్రాములు ఉండబట్టి ఇవన్నీ ఎప్పుడో చేరిపోయాయి.

ప్యాకేజీ పేరు కనుక్కోవడం తేలికే. లైబ్రరీ ఫైలు పేరులో 'డాట్ ఎస్‌ఓ' తర్వాత ఒక అంకె ఉంటుంది. ఉబుంటులో మామూలుగా అదే అంకె ప్యాకేజీ పేరు చివర చేరుతుంది. ఐసీసీసీఎంకు 4, కీసిమ్స్‌కు 1, రెండర్-యుటిల్‌కు 0. మూడూ ఒకే ఆప్ట్ కమాండ్‌లో వేశాను. ఎల్‌డీడీ మళ్లీ నడిపాను. 'నాట్ ఫౌండ్' ఒక్కటీ లేదు. బాబాయ్‌ని పిలిచి, "ఇప్పుడు చూడు" అన్నాను.

పిలవకుండా ఉండాల్సింది. అదే ఎర్రర్. అక్షరం తేడా లేదు.

మధ్యాహ్నం వరకు అదే పని. పైక్యూటీ5 తీసేసి మళ్లీ వేశాను, అంటే నేను వెక్కిరించిన ఆ రెండో వాక్యాన్నే చివరికి నమ్మాను. కంప్యూటర్ ఆపి మళ్లీ ఆన్ చేశాను. పులిహోర తింటూ కూడా తెరనే చూస్తుంటే, "అన్నం కంచంలో ఉంది, అందులో కాదు" అంది పిన్ని. నాలుగింటికి రైలు. ఎర్రర్‌ను తెర మీద అలాగే వదిలేసి, ఫొటో తీసి పంపమని బాబాయ్‌కి చెప్పి వచ్చేశాను.

సోమవారం

ఫొటో వచ్చింది. సగం తెర, సగం కిటికీ. ట్యూబ్‌లైటు వెలుగు మధ్యలో అడ్డం. పెద్దది చేసి చూస్తే ఒక్క ముక్కే స్పష్టంగా ఉంది: ఎర్రర్ మధ్యలో, కోట్స్ లోపల ఉన్న దారి, అంటే ఫోల్డర్ చిరునామా. నిన్నంతా వాక్యాన్ని చదివాను గానీ కోట్స్‌లో ఏముందో చూడలేదు. అందులో సీవీ2 అని ఉంది.

ప్లగిన్ పైక్యూటీ5ది. దారి ఓపెన్‌సీవీది. ఎందుకు?

సంగతేమిటంటే, లినక్స్‌కు పిప్ ఇచ్చే ఓపెన్‌సీవీ-పైథాన్ తనలోనే ఇంకో చిన్న క్యూటీని మోసుకొస్తుంది. బొమ్మల్ని విండోలో చూపించే సౌకర్యం దానికుంది కదా, అందుకోసం. కోడ్‌లో సీవీ2ను ఇంపోర్ట్ చేయగానే, అంటే వాడకానికి పిలవగానే, ప్లగిన్లు ఇక్కడున్నాయని తన ఫోల్డర్‌ను ప్రోగ్రాంలో మిగతావి కూడా చదివే ఒక ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో రాసేస్తుంది. తర్వాత మేలుకున్న పైక్యూటీ5 ఆ మాట విని, తన ఇంట్లో సామాను వదిలేసి పక్కింట్లో వెతుకుతుంది. పక్కింటివి వేరే కూర్పువి. కలవవు. లోడ్ అవ్వవు.

అంటే నిన్న నేను ఎల్‌డీడీతో పరీక్షించిన ఫైలు ఒకటి, యాప్ తెరవబోతున్న ఫైలు ఇంకొకటి. ఆ మూడు లైబ్రరీలు లేకపోవడం నిజమే, వాటిని వేయడం అవసరమే. కానీ వాటికంటే ముందు ఇంకో తలుపు మూసి ఉంది. రెండు వేర్వేరు జబ్బులకు ఒకటే దగ్గు.

మరి నా లాప్‌టాప్‌లో ఇన్నాళ్లూ ఎలా నడిచింది? చూశాను. అక్కడ ఓపెన్‌సీవీని పిప్‌తో కాక ఆప్ట్‌తో వేసుకున్నానట. అది సిస్టమ్ లైబ్రరీలనే వాడుకుంటుంది, సొంత క్యూటీ మోసుకురాదు. ఈ తేడా రెండేళ్లుగా నా కళ్ల ముందే ఉంది.

మందు ఉంది: ఓపెన్‌సీవీకి హెడ్‌లెస్ అని ఇంకో ప్యాకేజీ. విండోలు తెరిచే భాగం తీసేసి, బొమ్మలతో లెక్కలు చేసే భాగం మాత్రం ఇస్తారు. నాకు కావలసింది ఒంకర పేజీ సరిచేయడమే కాబట్టి అది చాలు.

రాత్రి ఫోన్‌లో బాబాయ్‌చేత టైపు చేయించాను. ఇంగ్లిష్ అక్షరాలు ఒక్కొక్కటే చెబుతుంటే ఆయన వెతుక్కుంటూ నొక్కుతున్నాడు.

"హెడ్‌లెస్ అంటే?"

"తల లేనిది బాబాయ్."

"ఓహో, కేతువు. మరి ఆ రాహువుని తీసేయాలా, ఉంచాలా?"

ఆ ప్రశ్న నేను ముందే వేసుకుని ఉండాల్సింది. మొదట హెడ్‌లెస్ వేయించి, తర్వాత పాత ఓపెన్‌సీవీని తీయించాను. ఇద్దరూ కాపురం ఉండేది ఒకటే సీవీ2 ఫోల్డర్లో. పాతది వెళ్తూ వెళ్తూ కొత్తదాని ఫైళ్లు కూడా పట్టుకుపోయింది. ఇప్పుడు సీవీ2 అనే మాడ్యూలే లేదంటోంది, పిప్ మాత్రం హెడ్‌లెస్ ఉందని ఒట్టేస్తోంది. రెండింటినీ తీయించి, మళ్లీ హెడ్‌లెస్ ఒక్కటే వేయించాను. దీనికి ఇంకో ఇరవై నిమిషాలు.

"ఇప్పుడు నడుపు బాబాయ్."

నిశ్శబ్దం.

"ఏదో వచ్చిందిరా. ఖాళీగా ఉంది. పైన 'తెరువు' అని తెలుగులో రాసుంది."

ఫోన్ పట్టుకునే హాల్లో రెండు రౌండ్లు తిరిగాను.

గురువారం

ఆనందం మూడు రోజులు. ఇవాళ పొద్దున బాబాయ్ మొదటి సంచిక పీడీఎఫ్ తెరవబోతే విండో మాయమైందట. 'తెరువు' నొక్కడం, ఫైలు ఎంచుకోవడం, ఠక్కున పోవడం.

టెర్మినల్లో వచ్చిన ఆఖరి లైను ఫోన్‌లో చదివి వినిపించాడు: పీడీఎఫ్2ఇమేజ్ లేదు. అది పీడీఎఫ్ పేజీలను బొమ్మలుగా మార్చే మాడ్యూల్. రిక్వైర్‌మెంట్స్ ఫైల్లో లేదు, వేయలేదు. మరి యాప్ మొదలైనప్పుడే ఎందుకు చెప్పలేదు? ఆ ఇంపోర్టును ఫైలు పైన కాకుండా, పీడీఎఫ్ తెరిచే ఫంక్షన్ లోపల రాశాను. యాప్ త్వరగా తెరుచుకుంటుందని అప్పట్లో తెలివి. దాని వల్ల తప్పు ఆలస్యంగా బయటపడుతుంది, అంతే. పైగా పైక్యూటీ5లో బటన్ వెనుక ఉన్న ఫంక్షన్‌లో పట్టుకోని ఎర్రర్ వస్తే యాప్ మొత్తం కూలిపోతుంది. 5.5 వెర్షన్ నుంచి అంతే. చూసేవాళ్లకు దయ్యం పట్టినట్టు ఉంటుంది.

టెసరాక్ట్‌ను పైథాన్ నుంచి పిలిచే పైటెసరాక్ట్ కూడా అలాగే లోపల దాక్కుంది. రెండూ వేయమని చెప్పాను. మిగతాది శనివారం నేనే వచ్చి చూస్తానన్నాను.

శనివారం

పీడీఎఫ్ తెరిస్తే ఇంకో ఎర్రర్: పేజీలు లెక్కపెట్టలేకపోయాను, పాప్లర్ ఉందా?

ఇది వేరే రకం లోటు. ఇప్పటిదాకా లేనివి పైథాన్ మాడ్యూళ్లు లేదా లైబ్రరీలు. పీడీఎఫ్2ఇమేజ్ అనేది తానుగా పీడీఎఫ్ తెరవదు. పాప్లర్‌తో వచ్చే చిన్న ప్రోగ్రాములను పిలిచి పని చేయించుకుంటుంది, దానిది మేస్త్రీ పాత్ర. పిప్ మేస్త్రీని తెస్తుంది, కూలీలను తేదు. పాప్లర్-యుటిల్స్ ఆప్ట్‌తో వేయాలి. పైటెసరాక్ట్ కూడా మేస్త్రీయే, అసలు టెసరాక్ట్ వేరు. అది కూడా ఆప్ట్‌తో వేశాను.

పేజీ వచ్చింది! ఎడమ పక్క పసుపు పట్టిన కాగితం, పైన సరస్వతి బొమ్మ, కింద ప్రధానోపాధ్యాయుడి ముందుమాట. 'చదువు' నొక్కాను. కుడి పక్క నిండింది. ఎర్రర్ ఏమీ రాలేదు.

బాబాయ్ కళ్లజోడు సవరించుకుని చూశాడు. "ఇదే భాషరా?"

ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, మధ్యలో రూపాయల బిళ్లల్లా సున్నాలు. తెలుగు గుండ్రాలన్నీ ఎనిమిదులు, ఎస్‌లు అయిపోయాయి. తలకట్లు కొటేషన్ గుర్తులయ్యాయి. పేజీ పొడవునా చెత్త, చాలా ఆత్మవిశ్వాసంతో.

ఈ వారం రోజుల్లో నన్ను నిజంగా భయపెట్టింది ఇదొక్కటే. కూలిపోయే యాప్ నయం. కూలకుండా తప్పు చెప్పేదే ముప్పు.

టెసరాక్ట్ 1985లో హ్యూలెట్ ప్యాకార్డ్‌లో మొదలైంది. 2005లో దాన్ని ఓపెన్ సోర్స్ చేశారు, తర్వాతి ఏడాది నుంచి గూగుల్ పెంచింది. 2018లో వచ్చిన 4వ వెర్షన్ నుంచి న్యూరల్ నెట్‌వర్క్‌తో చదువుతోంది, తెలుగు లాంటి లిపులకు అదే పెద్ద మలుపు. కానీ ప్రోగ్రాం వేరు, భాష నేర్చిన ఫైలు వేరు. ఉబుంటులో టెసరాక్ట్ వేస్తే ఇంగ్లిష్ ఫైలు, పేజీ ఎటు తిరిగి ఉందో చూసే ఫైలు మాత్రమే వస్తాయి. తెలుగుకు టెసరాక్ట్-ఓసీఆర్-టెల్ అని వేరే ప్యాకేజీ. ఆ మూడక్షరాల కోడ్ గుర్తుంచుకోవాలి. ఫోన్లు, వెబ్‌సైట్లలో కనిపించే రెండక్షరాల టీఈ ఇక్కడ చెల్లదు.

సరే, తెలుగు ఫైలు లేకపోతే ఎర్రర్ రావాలి కదా? తెలుగు ఒక్కటే అడిగితే వచ్చేది. నా కోడ్‌లో తెలుగు ప్లస్ ఇంగ్లిష్ అని అడిగాను, మధ్యమధ్య ఇంగ్లిష్ మాటలు వస్తాయని. అలా రెండు అడిగినప్పుడు ఒకటి దొరక్కపోతే టెసరాక్ట్ ఆగదు. దొరకలేదని గొణిగి, ఉన్న భాషతోనే పని కానిచ్చేస్తుంది. ఆ గొణుగుడును పైటెసరాక్ట్ నా దాకా రానివ్వదు, పని విజయవంతం అని చెబుతుంది. తెలుగు పేజీని ఇంగ్లిష్ మాస్టారు చదివాడు, మార్కులు కూడా వేశాడు.

టెల్ ప్యాకేజీ వేశాను. ఉన్న భాషల జాబితా అడిగితే మూడు పేర్లు వచ్చాయి. మళ్లీ 'చదువు'.

'ప్రియమైన విద్యార్థులారా' అని మొదలైంది. బాబాయ్ ఏమీ అనలేదు. కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

శనివారం, రాత్రి

తప్పులున్నాయి. అవి కావలసిన సామాను (డిపెండెన్సీలు) లేక వచ్చిన తప్పులు కావు, అచ్చు తప్పులూ కావు. ష, ప, వ కలిసిపోతున్నాయి. ఒత్తులు పక్క అక్షరానికి తగులుకుంటున్నాయి. అన్నిటికంటే పాత సంచికలో ఇంకో తమాషా. 'ధర్మం' అని ఉండాల్సిన చోట 'ధమ౯ం' అని, తొమ్మిది అంకె లాంటిది మధ్యలో కూర్చుంది. యాప్‌లో ఏదో పగిలిందనుకుని పది నిమిషాలు కోడ్ తిప్పాను.

"అది తొమ్మిది కాదురా, వలపలగిలక," అన్నాడు బాబాయ్. పాత టైపులో ముందొచ్చే రకారాన్ని అలా అక్షరం తర్వాత గుర్తుగా వేసేవారట. అచ్చాఫీసులో ఆ దిమ్మలే ఉండేవట. నాకు అక్షరాలు నేర్పింది కూడా ఈయనే, ఇది ఎప్పుడు చెప్పాడో గుర్తు లేదు. ఒక్క లైను కోడ్ రాశాను: అచ్చుకో హల్లుకో తగులుకున్న తొమ్మిది కనిపిస్తే ఎర్రరంగులో చూపించు. తనంతట తాను మార్చొద్దు, క్రికెట్ స్కోరు వ్యాసంలో నిజం తొమ్మిదులున్నాయి.

ఆదివారం

ఇవాళ బుద్ధిగా చేసిన పని. యాప్ తెరుచుకోగానే మూడు విషయాలు చూసుకునేలా రాశాను: పాప్లర్ ఉందా, టెసరాక్ట్ ఉందా, దాని భాషల్లో తెలుగు ఉందా. లేకపోతే కూలిపోకుండా, విండోలోనే తెలుగులో, ఫలానాది లేదు, ఈ కమాండ్‌తో వేసుకోండి అని చెబుతుంది. ఇంపోర్టులన్నీ ఫైలు పైకి ఎక్కించాను. రిక్వైర్‌మెంట్స్ ఫైలు సరిచేశాను. ఆప్ట్‌తో వేయాల్సినవన్నీ ఒక చిన్న స్క్రిప్ట్‌లో పెట్టాను.

ఇదంతా ఒకే ఫైలుగా కట్టేయొచ్చు కదా అని ఆఫీసులో మిత్రుడన్నాడు. పైఇన్‌స్టాలర్ ఉంది, నిజమే. కానీ అది పైథాన్ సామానునే మూటగడుతుంది. పాప్లర్, టెసరాక్ట్ బయటి ప్రోగ్రాములు, తనంతట తాను తేదు. పైగా కొత్త ఉబుంటులో కట్టిన మూట పాతదానిలో ప్రోగ్రాములకు పునాది లాంటి జీలిబ్‌సీ లైబ్రరీ వెర్షన్ చాలదని మొండికేస్తుంది. 24.04లో ఉన్నది 2.39, 22.04లో 2.35. కట్టాలంటే పాత సిస్టమ్‌లో కట్టాలి. ఒక్క కంప్యూటర్‌కు అంత అవసరమా అనిపించి వదిలేశాను.

బాబాయ్ స్నేహితుడికి కూడా కావాలట, ఆయనది విండోస్. చేయనని చెప్పాను. అక్కడ ఇదే జబ్బుకు వేరే పేర్లు: వీసీరన్‌టైమ్140 డీఎల్‌ఎల్ లేదు, ఎంఎస్‌వీసీపీ140 డీఎల్‌ఎల్ లేదు. దానికి మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే విజువల్ సీ++ రీడిస్ట్రిబ్యూటబుల్ వేస్తే చాలు. ఆయన మాత్రం ఎక్కడో డీఎల్‌ఎల్ ఫైలు ఒక్కటే డౌన్‌లోడ్ చేసి ఫోల్డర్లో పడేశాడని విన్నాను. ఎవరో ఊరూపేరూ లేనివాడు ఇచ్చిన మాత్ర మింగినట్టే. అది తీసేయమని మాత్రం ఫోన్‌లో చెప్పాను.

స్క్రిప్ట్ సరిగా ఉందో లేదో బాబాయ్ కంప్యూటర్లో చూస్తే తెలియదు, అక్కడ అన్నీ చేరిపోయాయి. నా లాప్‌టాప్‌లో, కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్ నడిపే వర్చువల్‌బాక్స్‌లో కొత్తగా జుబుంటు మినిమల్ వేసి, స్క్రిప్ట్ నడిపాను. మొదటిసారి ఆగిపోయింది. పైథాన్3-వెన్వ్ వేసే లైను, గది కట్టే లైను కంటే కింద ఉంది. తిప్పి రాశాను. వర్చువల్ మిషన్‌ను మొదటి స్థితికి తెచ్చి మళ్లీ నడిపాను. ఆరు నిమిషాల్లో 'ప్రియమైన విద్యార్థులారా'.

తర్వాతి ఆదివారం

ఫోన్‌లోనే. బాబాయ్ రెండు సంచికలు పూర్తిచేశాడు. రోజుకు పది పేజీలు దిద్దుతున్నాడట, పిన్ని భోజనానికి మూడుసార్లు పిలవాల్సి వస్తోందట.

"ఒక డౌటురా. రెండో సంచికలో తొమ్మిదో తరగతివాడి ఆటవెలది. మూడో పాదంలో యతి తప్పింది. ఇది నీ యాప్ తప్పా, వాడి తప్పా?"

పేజీ బొమ్మ పెద్దది చేసి చూడమన్నాను. కాగితం చప్పుడు వినిపించింది. బొమ్మ వదిలేసి అసలు సంచికే తీసినట్టున్నాడు.

"వాడి తప్పేరా. అప్పుడు నేను చూసుకోలేదు."

"సరిచేస్తావా మరి?"

"ఎందుకూ? అలాగే ఉంచు. సంక్రాంతికి వాడొస్తున్నాడుగా, అప్పుడడుగుతా."